పిల్లల పోశ్చర్ బెల్ట్, టాబ్లెట్ స్టాండ్: ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఇంకా మూడు నిండలేదు. ఈ రివ్యూ రాయడానికి కారణం ఒక ఫోటో. పెద్దది సోఫాలో కూర్చొని ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని ఏదో చూస్తుంటే పక్కనుంచి మామూలుగా తీశాను, తర్వాత రాత్రి ఫోన్‌లో చూసుకుంటే గుండె కలుక్కుమంది. చెవి ఎక్కడో ముందుకి, భుజం ఎక్కడో వెనక్కి, వీపు మొత్తం విల్లులా వంగిపోయి, గడ్డం దాదాపు ఛాతీకి ఆనుకుని ఉంది. రోజూ కళ్ళముందే కూర్చుంటుంది కదా, ఇన్నాళ్ళూ నాకెందుకు కనపడలేదా అని చాలా బాధపడ్డాను. ఆ బాధలోనే, ఆ రాత్రే, వీపు వంగకుండా భుజాల్ని వెనక్కి లాగి పట్టే పిల్లల సైజు పోశ్చర్ బెల్ట్ ఆర్డర్ పెట్టేశాను. స్టాండ్ తర్వాత వచ్చింది. రెండూ వాడాను కాబట్టి రెండిటి గురించీ చెప్తా, కంపెనీ పేర్లు రాయట్లేదు ఎందుకంటే ఈ బెల్ట్‌లన్నీ దాదాపు ఒకటే తయారీ, ఏది కొన్నా నేను చెప్పేది వర్తిస్తుంది.

ముందు బెల్ట్. రెండు భుజాల మీదుగా వచ్చి వీపు మీద ఇంటూ గుర్తులా కలుస్తుంది, నడుం దగ్గర ఒక పట్టీ, అంతా వెల్క్రోనే. వేసిన నిమిషంలోనే పిల్ల నిటారుగా అయిపోయింది, నాకైతే అబ్బ ఎంత బాగుందో అనిపించింది, మా ఆయనకి కూడా చూపించా. మొదటి వారం రోజూ రెండు గంటలు వేశాం. నాలుగో రోజుకి చంకల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయింది, లోపల కాటన్ బనియన్ వేసి మళ్ళీ వేశాం. రెండో వారంలో ఒక విషయం గమనించా. బెల్ట్ భుజాల్ని వెనక్కి లాగి పట్టుకుంటోంది సరే, కానీ టాబ్లెట్ ఇంకా ఒళ్ళోనే ఉంది, అందుకని పిల్ల భుజాలు వెనక్కి ఉంచుకునే మెడ ఒక్కటీ ముందుకి సాగదీసి కిందకి చూస్తోంది. అంటే వంపు ఎక్కడికీ పోలేదు, వీపులోంచి మెడలోకి జరిగింది అంతే. బెల్ట్ తీసిన పది నిమిషాల్లో మళ్ళీ పాత ఆకారమే. పైగా "అమ్మా ఊపిరి ఆడట్లేదు" అని రోజూ గొడవ, నేను కోప్పడటం, అది ఏడవటం, మూడో వారానికి ఇంట్లో బెల్ట్ అనే మాట వింటేనే పిల్ల మొహం వాడిపోయేది.

అదే టైంలో సాయంత్రాలు తలనొప్పి అంటోందని ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చేసిన మొదటి పని నాకు ఇప్పటికీ గుర్తు. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో ఒక పుస్తకం పెట్టి, "వంగకుండా చదువు నాన్నా" అంది. ఎలా చదువుతుంది? కనుగుడ్లు మాత్రమే కిందకి దించి ఒక నిమిషం చూసింది, తర్వాత తనకే తెలియకుండా మెడ దిగిపోయింది. అప్పుడు ఆవిడ నాతో "చూశారా, కన్ను ఎక్కడికెళ్తే మెడ అక్కడికి వెళ్తుందమ్మా, మీరు పిల్లని కట్టేసి స్క్రీన్‌ని కింద వదిలేశారు" అంది. బెల్ట్ చేసేది గుర్తుచేయడం మాత్రమేనట, వీపు కండరాలు చేయాల్సిన పని పట్టీ చేస్తుంటే ఆ కండరాలకి బలం ఎక్కడినుంచి వస్తుంది అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఇంకో భయం కూడా ఆవిడ తీర్చింది. ఇలా వంగి కూర్చుంటే వెన్నెముక పక్కకి వంకరపోతుందేమో అని నేను లోపల్లోపల వణికిపోతున్నా. పిల్లని రెండు కాళ్ళూ దగ్గర పెట్టి నిలబడి ముందుకి వంగమని, వెనకనుంచి వీపు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉందా అని చూసింది. సమంగానే ఉంది. పక్కకి వంకర తిరిగే స్కోలియోసిస్ పెరిగే వయసు పిల్లల్లో ఎక్కువ శాతం ఏ కారణం తెలియకుండానే వస్తుంది, అది స్క్రీన్ చూడటం వల్లో బ్యాగ్ మోయడం వల్లో వచ్చేది కాదు అని చెప్పింది. ఒక భుజం ఎత్తుగా ఉండటం, వంగినప్పుడు ఒక వైపు వీపు ఉబ్బెత్తుగా కనపడటం, ఇవి చూస్తే మాత్రం బెల్ట్‌లు కట్టుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించాలంట. ఈ పరీక్ష ఇంట్లో కూడా చూసుకోవచ్చు, అర నిమిషం పని.

ఇక బెల్ట్ డబ్బా మీద ఒక బొమ్మ ఉంటుంది, మీరు కూడా చూసే ఉంటారు, తల ఎంత వంచితే మెడ మీద అంత బరువు అని, చివర్లో 60 డిగ్రీలకి 27 కిలోలు అని. నేను కొన్నది సగం ఆ బొమ్మ చూసి భయపడే. తర్వాత దాని గురించి చదివా. అది కెన్నెత్ హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ 2014లో వేసిన లెక్క, నిటారుగా ఉన్నప్పుడు తల బరువు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలు అనుకుని, 15 డిగ్రీలు వంచితే సుమారు 12 కిలోలు, అలా పెరుగుతూ 60 డిగ్రీలకి 27 కిలోలు. కానీ అది కంప్యూటర్ మోడల్ మీద వేసిన లెక్క, అందులో తీసుకున్నది పెద్దవాళ్ళ తల బరువు, పిల్లల మెడ మీద ఎవరూ కాటా పెట్టి తూచింది కాదు. 2018లో బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ళ వాళ్ళ మీద చేసిన స్టడీలో ఫోన్ చూసేటప్పుడు మెడ వంచేవాళ్ళకీ మెడనొప్పికీ సంబంధం కూడా కనపడలేదు. అంటే వంగి కూర్చుంటే ఏం కాదులే అని నేను అనట్లేదు, మా పిల్ల తలనొప్పి నేను కళ్ళారా చూశా. వంగడం కన్నా గంటలు గంటలు ఒకే భంగిమలో కదలకుండా ఉండిపోవడం, దానివల్ల ఆట తగ్గిపోవడం, నిద్ర తగ్గిపోవడం, ఇవి అసలు నష్టం. ఆ నష్టానికి పట్టీ మందు కాదు. ఒక తల్లి భయం మీద ఆ బొమ్మ ముద్రించి అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు, అందుకే ఇంత రాస్తున్నా.

సరే స్టాండ్ సంగతి. బెల్ట్ పక్కన పడేశాక ఫిజియో ఆవిడ చెప్పింది గుర్తుపెట్టుకుని, స్క్రీన్‌నే పైకి లేపుదాం అని కొన్నా. బరువైన అడుగు పలక, రెండు చోట్ల మడిచే కీలు, పైన టాబ్లెట్ పట్టుకునే పళ్ళెం లాంటిది. టాబ్లెట్ పై అంచు పిల్ల కంటి ఎత్తుకి వచ్చేలా లేపి పెట్టాం. తేడా నిజంగా అదే నిమిషంలో కనపడింది, ఎవరూ ఏమీ చెప్పకుండానే మెడ లేచింది, ఎందుకంటే కిందకి చూడాల్సిన అవసరం లేదు. వీడియో చూసే పనికి, ఆన్‌లైన్ క్లాసు వినే పనికి ఇది చాలా బాగుంది, కళ్ళుమూసుకుని కొనుక్కోవచ్చు.

కానీ ఒక మెలిక ఉంది, ఏ రివ్యూలోనూ నాకిది కనపడలేదు. టాబ్లెట్‌లో చూసేదీ తాకేదీ ఒకటే అద్దం. కంటి ఎత్తులో పెడితే వేలితో తాకడానికి చెయ్యి గాల్లోకి ఎత్తి పట్టుకోవాలి, పది నిమిషాలకే భుజం లాగేస్తుంది. చేతికి అందేలా కింద పెడితే మళ్ళీ మెడ వంగుతుంది. ఏ స్టాండూ ఈ రెండిటినీ ఒకేసారి తీర్చలేదు. మా పెద్దది లెక్కలు చేసే యాప్ వాడేటప్పుడు మొదట్లో భుజాలు చెవుల దాకా ఎత్తేసి కూర్చునేది, నేనేమో మెడ బాగుంది కదా అని సంతోషపడుతూ ఉండిపోయా. తర్వాత రెండు రకాలుగా విడగొట్టాం. చూసే పనికి ఎత్తుగా నిలువుగా, టైప్ చేసే పనుంటే అలాగే ఉంచి విడిగా చిన్న కీబోర్డ్. బొమ్మలు గీయడం, వేలితో చేసే యాప్ అయితే స్టాండ్‌ని బాగా కిందకి దించి రాతబల్లలా కొంచెం ఏటవాలుగా, అది కూడా పావుగంట మించకుండా. కాబట్టి మీరు కొనేటప్పుడు ఎత్తు మారేది, వాలు కూడా మారేది చూసుకోండి, ఒకే కోణంలో నిలబడే ప్లాస్టిక్ స్టాండ్‌లు పిల్లలకి పనికిరావు.

స్టాండ్ ఒక్కటే కొని ఊరుకుంటే కూడా సగం పనే. మా బల్ల, కుర్చీ రెండూ పెద్దవాళ్ళవి. పిల్ల వెనక్కి జరిగి కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడతాయి, వేలాడుతున్నాయని ముందుకి జరిగి అంచు మీద కూర్చుంటుంది, అంచు మీద కూర్చుంటే వీపుకి ఆసరా ఉండదు, గూనిగా వంగిపోతుంది. ఇదంతా పిల్ల బద్ధకం అనుకుని ఎన్నిసార్లు "సరిగ్గా కూర్చో" అని అరిచానో, తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది. కాళ్ళకింద ఒక గట్టి పెట్టె పెట్టాం, పాదాలు పూర్తిగా ఆనేలా. నడుం వెనక ఒక దిండు, ఎంత మందం అంటే మోకాలి వెనక భాగానికీ కుర్చీ అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు మిగిలేలా. మోచేయి బల్ల ఎత్తులో ఉండేలా కూర్చునే చోట ఇంకో దిండు. దీనికి కొన్నది ఏమీ లేదు, అన్నీ ఇంట్లోవే. నిజం చెప్పాలంటే నా లెక్కలో స్టాండ్ కన్నా ఆ పెట్టె ఎక్కువ పని చేసింది. ఎదిగే పిల్లలు కాబట్టి రెండు మూడు నెలలకోసారి మళ్ళీ సరిచూసుకోవాలి, మేం ఈ ఎనిమిది నెలల్లో ఒకసారి పెట్టె మార్చాం.

కంటి విషయానికి వస్తే, ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, పడుకుని చూసినప్పుడు పిల్లలు మొహానికి అంటుకునేలా చూస్తారు, స్టాండ్ మీద పెట్టాక కనీసం మోచేయి నుంచి పిడికిలి దాకా ఉన్న దూరం ఉంటోంది, అది మంచిదే. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు కదా, మేం కిటికీలోంచి చెట్టు చూడటం అలవాటు చేశాం, స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గిపోతుంది కాబట్టి కళ్ళు ఆరిపోకుండా అదొక విరామం. కానీ సైట్ రాకుండా ఉండాలంటే దీనికన్నా బయట వెలుతురులో ఆడటమే ముఖ్యం. చైనాలో గువాంగ్‌జౌలో 12 ప్రైమరీ స్కూళ్ళలో చేసిన ప్రయోగం ఉంది, 2015లో వచ్చింది. సగం స్కూళ్ళలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ళకి మామూలు స్కూళ్ళలో 39.5 శాతం మందికి సైట్ వస్తే, బయటికి పంపిన స్కూళ్ళలో 30.4 శాతం మందికి వచ్చింది. కేవలం నలభై నిమిషాలకి ఆ తేడా! స్టాండ్ వాళ్ళు "కళ్ళకి రక్షణ" అని రాసుకుంటున్నారు, దూరం వరకు ఒప్పుకుంటా, అంతకుమించి ఏ స్టాండూ పిల్లని బయటికి తీసుకెళ్ళదు.

మంచానికి బిగించే పొడవాటి మెడ ఉన్న స్టాండ్ కూడా ఇదే కంపెనీది ఉంది, పడుకుని చూడొచ్చు అని. దయచేసి పిల్లలకి కొనకండి. రాత్రి వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని తగ్గిస్తుంది, పెద్దవాళ్ళకన్నా చిన్నపిల్లల్లో ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. మేం పడుకునే గంట ముందు టాబ్లెట్ హాల్లో చార్జింగ్‌లో పెట్టేస్తాం. మొదటి వారం గోల చేసింది, తర్వాత మానేసింది.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెప్తా, చిన్నపిల్లలున్న వాళ్ళు ఇది తప్పకుండా చదవండి. స్టాండ్ బాగుంది కదా అని చిన్నోడికి కూడా తినిపించేటప్పుడు అదే పెట్టడం మొదలుపెట్టా. చేతులు ఖాళీ, మెడ నిటారు, వాడు కదలకుండా కూర్చుంటున్నాడు, మా అత్తయ్య కూడా "హాయిగా తింటున్నాడు" అని సంతోషపడింది. ఇంతకుముందు ఫోన్ చేత్తో పట్టుకోవాలి కాబట్టి నాకు చెయ్యి నొప్పి పుట్టినప్పుడు ఆపేసేదాన్ని, ఇప్పుడు ఆపే కారణమే లేకుండా పోయింది. ఇరవై నిమిషాలు కాస్తా పూటకి ముప్పావుగంట అయింది, రోజుకి మూడు పూటలు, మీరే లెక్కేసుకోండి. వాడి మెడ సరిగ్గా ఉందని నేను చూసుకుంటున్నానే గానీ వాడు ఆ టైంలో ఒక్క మాట కూడా మాట్లాడట్లేదు అని చూడలేదు. పేరు పెట్టి పిలిచినా తిరిగేవాడు కాదు. రెండున్నరేళ్ళ వాడు, రెండు మాటలు కలపడం కూడా అరుదుగానే ఉండేది.

పిల్లల డాక్టర్ ముందు వినికిడి పరీక్ష చేయించారు, అది బాగానే ఉంది, తర్వాత అడిగిన మొదటి ప్రశ్న "రోజుకి స్క్రీన్ ఎంతసేపు". సిగ్గుతో తలదించుకుని నిజం చెప్పా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏంటంటే ఏడాది పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది, దాంతోపాటు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆటలు ఉండాలి. మేం దానికి తలకిందులుగా ఉన్నాం. కెనడాలో రెండువేలకి పైగా పిల్లల్ని కొన్నేళ్ళు గమనించి 2019లో రాసిన స్టడీ ఒకటుంది, రెండేళ్ళప్పుడు, మూడేళ్ళప్పుడు స్క్రీన్ ఎక్కువ చూసినవాళ్ళు తర్వాత ఎదుగుదల పరీక్షల్లో వెనకబడ్డారని. ఇది చదివి ఇంకా కుంగిపోయా గానీ, ఎందుకు అలా అవుతుందో అర్థమయ్యాక మాత్రం దారి దొరికింది.

ఎందుకంటే, ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త 2003లో చేసిన ప్రయోగం నాకు బాగా తలకెక్కింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని తొమ్మిది నెలల పిల్లలకి 12 సార్లు చైనీస్ మాండరిన్ వినిపించారు. ఎదురుగా మనిషి కూర్చొని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడా పసిగట్టడం నేర్చుకున్నారు. అదే మనిషి, అవే మాటలు వీడియోలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు! మనం "రైమ్స్ పెడితే మాటలొస్తాయి" అనుకుంటాం కదా, బిడ్డ మన కళ్ళలోకి చూసి "ఆ" అంటే మనం "ఆఁ, ఏంటి నాన్నా" అని బదులిస్తాం చూడండి, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాట పుడుతుంది, టాబ్లెట్ బదులివ్వదు. ఒంటి సంగతీ అంతే. పాకడం, ఎక్కడం, దిగడం, పడటం, వేలాడటం, వీటితోనే నడుం మెడ భుజాలు గట్టిపడేది, ఎంత మంచి భంగిమలో కూర్చోబెట్టినా కూర్చోబెట్టిన ముప్పావుగంట ఆటలోంచి తీసేసిందే.

ఆ రోజు నుంచి చిన్నోడికి స్టాండ్ బంద్. మొదటి మూడు నాలుగు రోజులు నరకం, సరిగ్గా తినలేదు, నేనూ ఏడ్చా. వారం తిరిగేసరికి వాడే చేత్తో తీసుకుని సగం మీద పోసుకుంటూ తినడం మొదలుపెట్టాడు. స్పీచ్ థెరపీకి కూడా వెళ్తున్నాం కాబట్టి ఏది వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను, ఇప్పుడు మూడు మాటలు కలుపుతున్నాడు, నిన్న "అక్కా బంతి ఇవ్వు" అన్నాడు. పిలిస్తే తిరుగుతున్నాడు. తాతయ్యతో వీడియో కాల్ మాత్రం ఉంచాం, అందులో అవతలివాళ్ళు బదులిస్తారు కదా.

పెద్దదాని విషయం. ఇప్పుడు అరగంటకోసారి లేస్తుంది, అలారం పెడితే విసుక్కునేది, అందుకని పాఠం అయిపోయిన ప్రతిసారీ నీళ్ళ బాటిల్ నింపుకు రావాలి అని పెట్టాం, అది బాగా కుదిరింది. ఫిజియో ఆవిడ నేర్పినవి రెండే, గోడకి వీపు ఆనించి చేతులు పైకి కిందకి జరపడం, గడ్డం లోపలికి లాక్కోవడం, పళ్ళు తోముకునేముందు ఐదు నిమిషాలు చేస్తుంది. కథల పుస్తకం అప్పుడప్పుడు నేలమీద బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి చదువుతుంది, అదీ మంచిదేనంట, ఒకటే భంగిమలో పాతుకుపోకుండా ఉంటే చాలు. రోజూ సాయంత్రం గంట బయట ఆట, ఐదేళ్ళు దాటిన పిల్లలకి కనీసం అంతసేపు ఆయాసం వచ్చే ఆట ఉండాలి. తలనొప్పి రెండో నెలకే తగ్గింది. పోయిన వారం అదే సోఫాలో పక్కనుంచి మళ్ళీ ఫోటో తీశా, ఇంకా వంగే కూర్చుంది, కానీ రెండు నిమిషాల్లో అదే కదిలి సర్దుకుంది, నేను నోరు తెరవాల్సిన పని పడలేదు.

రేటింగ్ ఇవ్వమంటే బెల్ట్‌కి ఐదుకి ఒకటి, అది కూడా కుట్టు గట్టిగా ఉన్నందుకు. డాక్టర్ రాసిచ్చిన బ్రేస్ వేరు, దాన్ని దీంతో కలపకండి. చేతుల్లో తిమ్మిరి, రాత్రి నిద్రలేపే నొప్పి, వారాల తరబడి తగ్గని నొప్పి ఉంటే ఏ వస్తువూ ఆర్డర్ పెట్టకుండా ముందు చూపించండి. స్టాండ్‌కి నాలుగు, ఆరేళ్ళు దాటి కూర్చొని చదువుకునే పిల్లలున్న ఇంటికైతే. మూడేళ్ళలోపు వాళ్ళే ఉంటే అసలు కొనొద్దు. ఇక లోపాలంటే, నాలుగో నెలలో కీలు వదులైంది, అడుగున స్క్రూ ఉంది, అది బిగిస్తే మళ్ళీ నిలబడింది. వేలితో గట్టిగా నొక్కితే కొంచెం ఊగుతుంది, పలక బరువు తక్కువున్నది తీసుకుంటే ముందుకి పడిపోతుంది కాబట్టి కొనేముందు అడుగు బరువు చూడండి, టాబ్లెట్‌కి మందపాటి కవర్ ఉంటే పళ్ళెంలో పట్టడం కష్టం, మేం కవర్ తీసేసి వాడుతున్నాం.